కిటికీ సీటులో వచ్చిన వెదురు

2023 ఫిబ్రవరి. తార్నాకలో నా టికెట్ల షాపుకు అప్పటికి పద్దెనిమిదేళ్లు నిండాయి. షాపంటే పెద్దదేం కాదు. మెట్రో స్టేషన్ దాటి యూనివర్సిటీ వైపు తిరిగే రోడ్డులో, ఒక జిరాక్స్ సెంటరుకూ టిఫిన్ సెంటరుకూ మధ్య ఇరుక్కున్న గది. రెండు కంప్యూటర్లు, నాలుగు కుర్చీలు, గోడ మీద ప్రపంచ పటం. అందరూ ఫోన్లోనే టికెట్లు కొనుక్కోవడం మొదలుపెట్టాక ఈ రోడ్డులో మాలాంటి షాపులు మూడు మూతపడ్డాయి. నాది నిలిచిందంటే క్యాంపస్ చలవే. సెమినార్లకు వెళ్ళే ప్రొఫెసర్లు, మొదటిసారి విమానం ఎక్కబోతూ ఎవరైనా ఎదురుగా కూర్చుని చెబితే బాగుండునని అనుకునే పిల్లలు ఇంకా నా దగ్గరికే వస్తారు.

మాది ప్రొద్దుటూరు. మా ఆయనకు యూనివర్సిటీ ఆఫీసులో ఉద్యోగం వస్తే ఈ ఊరొచ్చాం. నాకు నోరు కాస్త ఎక్కువ, గర్వం అంతకంటే కాస్త ఎక్కువ. ఆ గర్వం వల్ల ఒక పిల్ల నాలుగేళ్ల చదువు గంగలో కలవబోయింది. ఆ కేసు గురించే ఇక్కడ రాస్తున్నాను.

మా వృత్తిలో రోజుకు ఇరవైసార్లు వినబడే ప్రశ్న "ఎంతసేపు పడుతుంది?" అని. దానికి మా దగ్గర ఒకే జవాబు ఉండదు. టికెట్ మీద ఉండేదాన్ని బ్లాక్ టైమ్ అంటాం. విమానం నిలిపిన చోటు నుంచి కదిలినప్పటి నుంచి అవతలి ఊళ్ళో ఆగి ఇంజన్ ఆపేదాకా పట్టే సమయం అది. ఈ గడప నుంచి ఆ గడప దాకా పట్టేది వేరే లెక్క. ఇంత తెలిసీ, ఎవరైనా అడగ్గానే పటం వైపు ఒక చూపు చూసి టక్కున చెప్పేయడం నాకు అలవాటు. స్క్రీన్ ముట్టకుండా చెప్పడం నాకో గొప్ప. చాలాసార్లు సరిపోయేది కూడా.

అంతకు ముందు నవంబరులో ఒకరోజు కరెంటు పోయింది. పక్కన జిరాక్స్ కోసం వచ్చిన అమ్మాయి ఎండలో నిలబడలేక నా షాపులో వచ్చి కూర్చుంది. పటం వైపు చూస్తూ, "ఆంటీ, సిల్చర్‌కు ఫ్లైట్ల ఎంతసేపు పడ్తది?" అని అడిగింది. సిల్చర్ అస్సాంలో కింది కొసన ఉంటుంది. నేను ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతూనే పటం మీద జానతో కొలిచినట్టు చూసి, "రెండున్నర. మహా అయితే మూడు గంటలు" అన్నాను. ఆ పిల్ల థాంక్స్ చెప్పింది. కరెంటు వచ్చేలోపే నేను ఆ మాట మర్చిపోయాను.

ఫిబ్రవరిలో ఒక సోమవారం అదే అమ్మాయి ఫైలు పట్టుకుని వచ్చింది. పేరు రవళి. బాటనీలో పీహెచ్‌డీ చేస్తోంది. జనగామ దగ్గర పల్లె, మేదరి వాళ్ళు. ఇంటిల్లిపాదీ వెదురు బద్దలు చీల్చి గంపలు, చాటలు అల్లుతారు. ఇంట్లో డిగ్రీ దాటింది ఈమె ఒక్కతే. ఇవన్నీ తర్వాత తెలిసిన సంగతులు. ఆరోజు మాత్రం నా ముందు ఒక కాగితం పెట్టింది. పైన "హైదరాబాద్ – సిల్చర్, 1,730 కిలోమీటర్లు, ప్రయాణ సమయం 2 గంటల 40 నిమిషాలు" అని ఒక వెబ్‌సైట్ నుంచి తీసిన ప్రింటు. కింద ఆమె చేతిరాతలో గంటల వారీగా వేసుకున్న ప్లాను.

"వచ్చే వారం పోవాలె ఆంటీ. వచ్చేటప్పుడు మాత్రం పొద్దున పది గంటల ఫ్లైట్ చూడుండ్రి. ఒంటి గంట వరకు గీడ దిగాలె," అంది.

నేను స్క్రీన్ మీద రెండు ఊళ్ళ కోడ్‌లు కొట్టాను. మా పనిలో ప్రతి విమానాశ్రయానికీ మూడక్షరాల కోడ్ ఉంటుంది. నేరుగా వెళ్ళేది ఒక్కటి కూడా రాలేదు. తేదీలు మార్చి చూశాను. ఆ రోజుల్లో ఆ రెండు ఊళ్ళ మధ్య నేరు విమానమే లేదు. కోల్‌కతాలోనో గౌహతిలోనో దిగి మారాల్సిందే.

"నేరుగా లేదమ్మా. కోల్‌కతాలో మారాలి. ఏమైంది దానికి, సాయంత్రానికి వస్తావు."

"సాయంత్రం అంటే నడువదు ఆంటీ. ఆడ బయలెల్లినంక పది గంటల్ల క్యాంపస్‌కు రావాలె. లేకపోతే సచ్చిపోతది."

నేను ఉలిక్కిపడ్డాను. "ఎవరమ్మా? పేషెంటా?"

"మనిషి కాదు ఆంటీ. పుప్పొడి."

నవ్వొచ్చింది, కానీ ఆ పిల్ల మొహం చూసి నవ్వు మింగేశాను. ఆమె ఓపిగ్గా చెప్పింది. క్యాంపస్‌లో వాళ్ళ డిపార్ట్‌మెంట్ వెనక పాత ముళ్ళ వెదురు పొద ఒకటుంది. ముళ్ళ వెదురు నలభై ఏళ్లకో యాభై ఏళ్లకో ఒకసారి పూస్తుంది. పూసి, గింజ కట్టి, ఎండిపోతుంది. అది అక్టోబరులో పూత మొదలుపెట్టింది. అదే ఏడు సిల్చర్ అవతల కొండల్లో ఒక నర్సరీలో ముళ్ళు లేని వెదురు కూడా పూసింది. అది నున్నగా ఉంటుంది కానీ మన ఎండలకు ఆగదు. ముళ్ళ వెదురు ఎంత ఎండకైనా ఆగుతుంది. ఆ పుప్పొడి తెచ్చి ఈ పువ్వుకు అద్దితే, ఎండకు తట్టుకుంటూ ముల్లు లేని వెదురు పుట్టే అవకాశముంది. చిక్కల్లా, వెదురు పుప్పొడికి ఆయుష్షు చాలా తక్కువ. ఐసు డబ్బాలో పెట్టినా పది గంటలు దాటితే నమ్మకం లేదని వాళ్ళు పరీక్షలు చేసి తేల్చుకున్నారు.

"గీడ పూత ఇంకో మూడు వారాలుంటదేమో. నా ఫెలోషిప్ గూడ ఈ ఏడుతోనే అయిపోతది," అంది.

అంతా విని, "మరి ఇంత పెద్ద పని పెట్టుకుని ముందే టికెట్ సంగతి అడగొద్దా?" అని కసిరాను.

ఆమె నా వైపు ఆశ్చర్యంగా చూసింది. "అడిగిన కదా ఆంటీ. నవంబర్ల మిమ్మల్నే అడిగిన. రెండున్నర, మూడు గంటలు అన్నరు. నెట్ల చూస్తే రెండు నలభై అని వచ్చింది. రెండూ ఒక్క తీరే ఉండేసరికి ఇగ డౌటే రాలే."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. అందుకే ఇంకా గట్టిగా తగిలింది. ఆ వెబ్‌సైట్ సంగతి నాకు బాగా తెలుసు. రెండు విమానాశ్రయాల అక్షాంశ రేఖాంశాలు తీసుకుని, భూగోళం మీద వాటి మధ్య దగ్గరి దారి కొలిచి, విమానం సగటు వేగంతో భాగించి, ఎక్కడానికి దిగడానికి ఓ అరగంట కలిపి చెబుతుంది. ఆ లెక్కకు విమానంతో పనిలేదు. ముషీరాబాద్‌లో ఒక విమానాశ్రయం ఉందని చెబితే అక్కడి నుంచి హబ్సిగూడకు ఎన్ని నిమిషాలో కూడా చెప్పేస్తుంది. కంప్యూటరుకు బుద్ధి లేదు, సరే. పద్దెనిమిదేళ్లు ఈ కుర్చీలో కూర్చున్న నేను చేసింది కూడా అదే పని.

కాగితం తిప్పి వెనకవైపు అసలు లెక్క రాశాను. నర్సరీ నుంచి సిల్చర్ విమానాశ్రయం రెండున్నర గంటలు. రెండు గంటల ముందు చేరాలి. కోల్‌కతాకు గంటంపావు. అక్కడ ఎదురుచూపు రెండు గంటల యాభై నిమిషాలు. హైదరాబాద్‌కు రెండు గంటల ఇరవై అయిదు. బయటపడటానికి అరగంట. శంషాబాద్ నుంచి తార్నాకకు గంటన్నర. మొత్తం పదమూడు గంటలు.

రవళి ఆ కాగితం చాలాసేపు చూసింది. ఏడవలేదు. నాలుగు మడతలు పెట్టి ఫైల్లో పెట్టుకుంది.

"ఇగ కాదు ఆంటీ," అంది. "మా అమ్మకు ఎడమ కన్ను లేదు. వెదురు కొట్టబోతే ముల్లు కొట్టింది. నేను అప్పుడు ఏడో తరగతి. మా నాయిన చేతులు మీరు చూడలే. గందుకే ఈ టాపిక్ తీసుకున్న," అని లేచింది.

ఆమెను అలా పంపించలేకపోయాను. "రెండు రోజులు టైమియ్యి" అని బయటిదాకా వెళ్ళి చెప్పాను. ఏం చేస్తానో నాకే తెలియదు.

ఆ రెండు రోజులూ నా మొహం చూసి ఇంట్లో ఎవరూ పలకరించలేదు. గౌహతి మీదుగా చూశాను, అగర్తల మీదుగా చూశాను. మాకు ఎంసీటీ అని ఒక నియమం ఉంటుంది. ఒక విమానం దిగి ఇంకోటి ఎక్కడానికి కనీసం ఇంత సమయం ఉండాలని ఒక్కో విమానాశ్రయానికి ఒక్కో లెక్క. అంతకంటే తక్కువ పెడితే సిస్టమే టికెట్ ఇవ్వదు. దాని అంచు దాకా నొక్కి చూసినా పదకొండున్నర గంటల కంటే తగ్గలేదు. పాత మిత్రులకు ఫోన్లు చేశాను. ఒకాయన ప్రైవేటు విమానం మాట్లాడుకోమన్నాడు. ఆయనకు కొన్ని మంచి మాటలు చెప్పి పెట్టేశాను. మంగళవారం కూరలో ఉప్పు లేదన్న పాపానికి మా ఆయన మీద కూడా అరిచాను.

బుధవారం సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి మా అత్త ప్రయాణం సందడిలో ఉంది. మర్నాడు కాచిగూడలో రైలెక్కి ప్రొద్దుటూరుకు వెళ్ళాలి. ఆమెకు ఎనభై దాటాయి కానీ పట్టింపులు మాత్రం ఒక్కటీ తగ్గలేదు. గురువారం దక్షిణం వైపు ప్రయాణానికి వారశూల అంటారు, అంటే ఆ రోజు ఆ దిక్కుకు బయలుదేరకూడదని. టికెట్ దొరికింది గురువారానికే. దానికి మా వైపు ఒక ఉపాయం ఉంది, ప్రస్థానం పెట్టడం. ముందు రోజే మంచి వేళ చూసుకుని, ఒక చీర, పిడికెడు బియ్యం, పసుపు కొమ్ము సంచిలో కట్టి పక్కింట్లో పెడతారు. దాంతో ప్రయాణం మొదలైనట్టే లెక్క. మర్నాడు ఆ సంచి తీసుకుని మామూలుగా వెళ్ళిపోవచ్చు. మా పక్క ఫ్లాటులో ఉండే కరుణమ్మ గారు వరంగల్ వైపు క్రిస్టియన్లు. మా అత్త సంచికి వాళ్ళ డైనింగ్ టేబుల్ కింద ఎప్పుడూ చోటుంటుంది. కరుణమ్మ గారే గుర్తుపెట్టుకుని, "పెద్దమ్మా, సంచి తెచ్చినవా?" అని అడుగుతుంది.

నా చిరాకులో నేనుండి, "అత్తా, సంచి పక్కింట్లో ఉంటే రైలు బుధవారమే కదుల్తాదా?" అని ఎకసెక్కమాడాను.

మా అత్త సంచి ముడి వేస్తూ తలెత్తకుండా చెప్పింది. "రైలు దాని టయానికి అది పోతాది లేమ్మా. నా ప్రయాణం యాళ నేను పెట్టుకుంటా. రెండూ ఒకే తూరి మొదులు కావల్లని యాడుంది?"

ముప్పై ఏళ్లుగా చూస్తున్న తంతు అది. నమ్మకం సంగతి పక్కన పెడితే, ఆ మాట మాత్రం నన్ను నిలబెట్టేసింది. మేం రెండు రోజులుగా ప్రయాణాన్ని కుదించాలని చూస్తున్నాం. పుప్పొడి గడియారం నర్సరీలో బయలుదేరినప్పుడే మొదలవ్వాలని ఎవరు చెప్పారు? అది మొదలయ్యేది పువ్వు విచ్చుకున్నప్పుడు. ఆ పువ్వు ఇక్కడికొచ్చాక విచ్చుకుంటే?

చెప్పులు కూడా విప్పకుండా రవళికి ఫోన్ చేశాను. "అమ్మా, పుప్పొడి కాకుండా మొగ్గల మీదున్న కొమ్మ తీసుకొస్తే?"

"కొమ్మ కోస్తే అర్ధగంటల వాడిపోతది ఆంటీ. మా మేడమ్ ముందే చూసిన్రు అది."

"కొయ్యొద్దు. వేరుతో తవ్వి తే."

"ముప్పై అడుగులుంటది ఆంటీ ఒక్కొక్క బొంగు," అని ఆమె ఆగింది. తర్వాత, "ఒక్క నిమిషం ఆగుండ్రి, నర్సరీల అడిగి చేస్తా," అని పెట్టేసింది.

గంట తర్వాత నా ఫోనుకు ఒక ఫొటో వచ్చింది. పెద్ద వెదురు పొద అడుగున, నేలలోంచి పొడుచుకొచ్చిన చిన్న పిలకలు. మోకాలెత్తు కూడా లేవు. వాటి కొసల్లో వరి కంకుల్లా మొగ్గలు. పూసే ఏడాది అడుగు పిలకలు కూడా పూస్తాయని నర్సరీ చూసే పెద్దాయన హిందీలో చెప్పాడట.

మర్నాడు రవళి షాపుకొచ్చి, "మా మేడమ్ పది నిమిషాలు తిట్టిన్రు ఆంటీ," అంది.

"నిన్నా?"

"కాదు, తనను తానే. గింత చిన్న ముచ్చట నాకెందుకు తట్టలే అని." మేడమ్ అంటే ఆమె రీసెర్చ్ గైడ్. అటవీ శాఖ నుంచి పుప్పొడికి తీసుకున్న అనుమతిని మొక్కలకు మార్పించే పని ఆవిడ తన నెత్తిన వేసుకున్నారు.

ఇక మిగిలింది నా పని. మూడు పిలకలను వేళ్ళ మట్టి కడిగి, తడి నాచులో చుట్టి, గోనెపట్టాతో కట్టి తేవాలి. సామానులో వేస్తే ఎలా విసురుతారో నాకు తెలుసు. మొగ్గ ఒక్కటి రాలినా నష్టమే. అప్పుడు నాకు సీబీబీజీ గుర్తొచ్చింది. చేతి సంచికి పెద్దదై, సామానులో వేయలేని వస్తువుకు ఒక సీటు టికెట్ తీసుకోవడాన్ని మేం అలా అంటాం. సంగీతం వాళ్ళు తమ వాద్యాలకు తీసుకుంటారు. ఇంటిపేరు దగ్గర ప్రయాణికుడి ఇంటిపేరు రాసి, పేరు దగ్గర ఈ నాలుగక్షరాలు వేస్తాం. కిటికీ పక్క సీటే ఇస్తారు, మిగతా వాళ్ళకు దారి అడ్డం కాకుండా. నా సర్వీసులో అంతకు ముందు రెండుసార్లే చేశాను, రెండూ వీణలే.

ఎయిర్‌లైన్ ఆఫీసుకు ఫోన్ చేస్తే ఒకబ్బాయి ఎత్తాడు.

"వస్తువు ఏంటి మేడమ్?"

"వెదురు."

"ఫ్లూటా మేడమ్? ఫ్లూట్ అయితే హ్యాండ్ బ్యాగేజీలో వెళ్తుంది కదా."

"ఇంకా ఫ్లూట్ కాలేదు బాబూ. వేర్లున్నాయి."

ఆ అబ్బాయి నన్ను తన పైవాళ్ళకు, వాళ్ళు తమ పైవాళ్ళకు బదిలీ చేశారు. రెండు రోజుల్లో పదకొండు ఫోన్లయ్యాక ఒక ఆవిడ ఒప్పుకుంది. మట్టి ఉండకూడదు, నీళ్ళు కారకూడదు, సీటు ఎత్తు దాటకూడదు అని మూడు షరతులు పెట్టింది.

కోల్‌కతాలో రెండు విమానాల మధ్య నేను నాలుగున్నర గంటలు పెట్టాను. అంతసేపు కూర్చోబెడితే మామూలు ప్రయాణికుడు నన్ను తిట్టిపోస్తాడు. వేగం అక్కర్లేని ప్రయాణికుడు నాకు తగలడం అదే మొదలు. రెండు విమానాలనూ ఒకే పీఎన్నార్‌లో, అంటే ఒకే బుకింగ్ నంబరు కింద ఉంచాను, ఒకటి ఆలస్యమైతే రెండోదాని బాధ్యత కూడా ఎయిర్‌లైన్ మీదే ఉండేట్టు. అది మంచిదైంది. తిరిగొచ్చే రోజు సిల్చర్‌లో పొగమంచు వల్ల విమానం రెండు గంటలు లేటుగా లేచింది. ఎంసీటీ అంచుకు నొక్కిన నా పాత టికెట్లలో ఏదైనా అయ్యుంటే ఆ పిల్ల, ఆ మొక్కలు కోల్‌కతాలో మిగిలిపోయేవి.

కోల్‌కతా నుంచి రవళి ఫోన్ చేసింది. వెళ్ళడం రైల్లో వెళ్ళింది కాబట్టి ఆమెకూ అదే మొదటి విమాన ప్రయాణం. "దానికి సీటు బెల్టు పెట్టింది ఆంటీ ఎయిర్ హోస్టెస్. నాకంటే ముందుగాల దానికే పెట్టింది," అని ఒకటే నవ్వు.

గడప నుంచి గడపకు దాదాపు పదిహేను గంటలు పట్టింది. పిలకలను క్యాంపస్‌లో పొద పక్కనే నీడలో మూడు బకెట్లలో పెట్టారు. మర్నాడు ఉదయం నా నడకను అటువైపు మళ్ళించాను. తార్నాక వాళ్ళం చాలామందిమి పొద్దున్నే క్యాంపస్‌లోనే నడుస్తాం. ఆరింటికల్లా రవళి అక్కడ గొంతుక్కూర్చుని ఉంది. క్యాంపస్ పొదలో ఎంచుకున్న పువ్వుల సొంత పుప్పొడి తిత్తులను ముందురోజే పట్కారుతో తీసేసి, వాటికి సన్నటి కాగితపు సంచులు తొడిగింది. అటు అంతా సిద్ధం. ఇటు బకెట్లలో ఒక్క మొగ్గా విచ్చుకోలేదు. రెండో రోజూ విచ్చుకోలేదు. పైగా రెండు పిలకల ఆకులు చుట్టుకుపోయాయి.

ఆ పొద్దు ఆ పిల్ల మొహం చూడలేక ఏదో ఒకటి వాగాను. ప్రయాణ బడలిక మనుషులకు మాత్రం ఉండదా, రెండు రోజులు పడుకుని లేవనీ అన్నాను. అంటున్నాను కానీ లోపల నాకూ భయమే. తప్పుడు లెక్క చెప్పింది నేను, వేరుతో తవ్వించిందీ నేనే.

అదే రోజు మధ్యాహ్నం జనగామ బస్సు దిగి వాళ్ళ నాన్న మొగిలయ్య వచ్చాడు. కూతురి గొంతు ఫోన్లో బాగా లేదని పని వదిలేసి వచ్చాడట. సన్నటి మనిషి, మాట తక్కువ. ఆయన చేతులు నేను అప్పుడు చూశాను. అరచేతుల్లో చోటు లేకుండా గీతలు, పాత పోట్ల మచ్చలు, ఒక వేలు సరిగ్గా ముడవదు. ఆయన బకెట్ల చుట్టూ ఒకసారి తిరిగి, ఆకు ఒకటి వేళ్ళ మధ్య నలిపి చూశాడు.

"గాలి కొడ్తున్నది బిడ్డా దీనికి. వేరుకు నీళ్ళు పోస్తే సరిపోదు," అన్నాడు. చీల్చిన బద్దలు ఎండి విరిగిపోకుండా వాళ్ళు తడి గోనెలు కప్పి ఉంచుతారట. మూడు గోనెసంచులు తడిపి, నాలుగు కర్రలు పాతి, పిలకలకు తగలకుండా చుట్టూ గుడారంలా కట్టాడు. గంటకోసారి నీళ్ళు చిలకరిస్తూ సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాడు.

మూడో రోజు పొద్దున నేను వెళ్ళేసరికి రవళి చేతులూపుతూ ఎదురొచ్చింది. ఒక్క పిలక మీద, కంకి కొసన, పసుప్పచ్చటి తిత్తులు దారాలకు కట్టినట్టు వేలాడుతున్నాయి. ఆమె వాటి కింద గాజు పళ్ళెం పట్టి మెల్లగా తట్టింది. రాలిన పసుపు దుమ్ము చిటికెడు కూడా ఉండదు. సన్నటి కుంచెతో దాన్ని తీసుకుని రెండు అంగలు వేసి, సంచి తొడిగిన పువ్వులకు ఒక్కొక్కదానికీ అద్దింది. సిల్చర్ నుంచి బయలుదేరిన ఆ పుప్పొడి నిజంగా ప్రయాణించిన దూరం ఆరడుగులు, పట్టిన సమయం అర నిమిషం. నా వృత్తిలో అంత దగ్గరి ప్రయాణానికి అంత పెద్ద టికెట్ ఇంకెప్పుడూ కొట్టలేదు. ఆ తర్వాత నాలుగు రోజులు వరసగా ఆ ఒక్క పిలకే పూసింది. మిగతా రెండూ ఎండిపోయాయి.

మే నెలకు గింజలు ముదిరాయి. అద్దిన పువ్వుల్లో ఇరవై మూడు గింజలు కట్టాయి. నాటితే తొమ్మిది మొలిచాయి. ఆ ఎండాకాలంలోనే పెద్ద పొద అడుగు నుంచి కొస దాకా ఎండిపోయింది. దాన్ని కొట్టేస్తుంటే చూసి నాకు బాధేసింది, ఏళ్ల తరబడి దాని పక్కనే నడిచాను కదా. రవళికి మాత్రం బాధపడే తీరిక లేదు. తొమ్మిది కుండీలకు తొమ్మిది అంకెలు వేసి పసిపిల్లల్లా చూసుకుంది. గైడ్ మేడమ్ ఎక్కడెక్కడో మాట్లాడి ఆమె ఫెలోషిప్ ఇంకో ఏడాదికి పొడిగించారు.

ఈ కేసు తర్వాత నా పనిలో ఒక మార్పు వచ్చింది. ఎవరైనా ఎంతసేపు పడుతుందని అడిగితే పటం వైపు చూడను. "ఏం పని మీద వెళ్తున్నారు? అక్కడ ఏ వేళకు ఏం జరగాలి?" అని ముందు అడుగుతాను. కొందరు విసుక్కుంటారు. "నీకెందుకమ్మా ఆరాలు" అన్నవాళ్ళు కూడా ఉన్నారు. అయినా అడుగుతాను. ఇద్దరు ఒకే జవాబు చెప్పినంత మాత్రాన అది నిజమైపోదని, నోటి చివర నుంచి నేను విసిరిన మాటను ఎవరో ఇంటికి తీసుకెళ్ళి దాని మీద నాలుగేళ్ల చదువు కట్టుకోవచ్చని నాకు అంతవరకు తోచలేదు.

2024 ఆగస్టులో ఒక పొద్దున రవళి నన్ను క్యాంపస్ నర్సరీకి రమ్మంది. మొక్కలు నడుమెత్తు పెరిగాయి. ముళ్ళ వెదురు మొక్కకు ఆ వయసుకు గణుపుల దగ్గర ముళ్ళు వచ్చేస్తాయి, కానీ ఆకుల చాటున ఇంకా కంటికి ఆనవు. రాలేదంటే సిల్చర్ గుణం దిగినట్టు. ఆకుల ముక్కలు పరీక్షకు పంపారు, రిపోర్టు ఇంకా రావాలి. మొగిలయ్య కూడా వచ్చి ఉన్నాడు. ఒకటో నంబరు కుండీ దగ్గర చొక్కా చెయ్యి పైకి మడుస్తుంటే రవళి ఆపబోయింది.

"రిపోర్ట్ వచ్చేదాక ఆగు నాయినా. కళ్ళతోని చూస్తే సరిగ తెల్వదు."

"నేను కళ్ళతోని చూస్తలేను బిడ్డా," అన్నాడాయన.

మొదటి మొక్కను అడుగున పిడికిట్లో పట్టుకుని మెల్లగా పైకి దువ్వాడు. రెండో గణుపు దగ్గరే చెయ్యి ఆగింది. చూపుడువేలు మీద రక్తపు చుక్క. రెండోదీ అంతే. మూడో మొక్క, నాలుగో మొక్క కూడా గుచ్చాయి. ఆయన రక్తం పంచెకు తుడుచుకుని అయిదో కుండీ ముందు వంగాడు. రవళి నా మోచెయ్యి పట్టుకుంది.

చెయ్యి మొదటి గణుపు దాటింది, రెండోది దాటింది. కొస దాకా జారిపోయింది. ఆయన నమ్మలేనట్టు పై నుంచి కిందికి ఇంకోసారి దువ్వాడు. ఈసారి పిడికిలి బిగించి, వేగంగా. తర్వాత అరచెయ్యి విప్పి మా ఇద్దరికీ చూపించాడు. ఇందాకటి నాలుగు పోట్లు తప్ప అన్నీ పాత మచ్చలే. కొత్త గీత ఒక్కటి లేదు.

రవళి ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచుకోవడానికేముంది. మొగిలయ్య మాత్రం ఏడవలేదు. ఇంకో చేత్తో ఆ మొక్క కొసను పట్టుకునే ఉన్నాడు.

"మొదాల మీ అమ్మను తోల్కరావాలె బిడ్డా," అన్నాడు. "ఆమె చెయ్యి పెట్టి చూడాలె."